ఆకాశానికి చారలు

ఆ ఇంట్లో కింద కాపురం, పైన కార్ఖానా. కార్ఖానా అంటే పొగగొట్టాలూ పెద్ద పెద్ద యంత్రాలూ ఉన్నది కాదు. ఒక పొడుగాటి గది, ఒక కిటికీ, మూడు బల్లలు. కిటికీ పక్క బల్ల దగ్గర అన్నయ్య సర్క్యూట్లు గీస్తాడు. నడిమి బల్ల దగ్గర వదిన వాటికి టంకం పెడుతుంది. మూల బల్ల దగ్గర చెల్లెలు వాటిని కొలుస్తుంది.

చెల్లెలిని ఇంటా బయటా అందరూ ముల్లు అనే పిలుస్తారు. మీటర్లలో ముల్లు కదిలే కాలంలో, ఇంకా గౌను తొడిగే వయసులోనే, ఆ ముల్లు ఎక్కడ ఆగిందో వెంట్రుకవాసి తేడా రాకుండా చెప్పేదని వాళ్ళ నాన్న పెట్టిన పేరది. మనిషి కూడా పేరుకు తగ్గట్టే సన్నం. గొంతు ఇంకా సన్నం. నలుగురిలో నోరు విప్పాల్సి వస్తే ముందు రెండుసార్లు గుటక వేస్తుంది, మూడోసారికి మాట మానేస్తుంది.

వాళ్ళు ముగ్గురూ కలిసి తయారుచేసేది ఆలస్యం.

"లోకంలో అందరూ తొందర అమ్ముకుని బతుకుతుంటే మా ఆయన ఆలస్యం అమ్ముతాడమ్మా" అని వదిన ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వించేది. "ఆ ఆలస్యం కూడా టైముకి ఇవ్వలేక చస్తున్నాం."

నవ్వులాటకు అన్నా అది నిజమే. సెకనును నూరు కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్కను నానోసెకను అంటారు. ఆ ముక్క గడిచేలోపు తీగ వెంట సంకేతం జానెడు దూరం పోతుంది. అన్నయ్య గడియారం ఐదు నానోసెకన్లకు ఒకసారి టిక్కుమంటుంది. టిక్కుకూ టిక్కుకూ మధ్య ఏదైనా జరిగితే అది సరిగ్గా ఎప్పుడు జరిగిందో చెప్పాలి. అందుకని అన్నయ్య చిప్పులో నూరు గేట్లు వరసగా పేర్చాడు. సంకేతం రాగానే మొదటి గేటు దగ్గర మొదలై ఒక్కొక్క గేటూ దాటుకుంటూ పరుగెడుతుంది. టిక్కు పడగానే, పిల్లల ఆటలో ఎవరో "ఆగు" అని అరిస్తే ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోయినట్టు, అది ఉన్నచోట ఆగిపోతుంది. అప్పటికి ఎన్ని గేట్లు దాటిందో లెక్కపెడితే చాలు, ఎంతసేపటి కిందట బయల్దేరిందో తెలిసిపోతుంది. ఒక్కో గేటు చేసే ఆలస్యం నానోసెకనులో ఇరవయ్యో వంతు. తీగ మీద కొలిస్తే చిటికెనవేలి గోరంత.

పన్నెండేళ్ళ కిందట ఈ సంగతి మొదటిసారి విన్ననాడు ముల్లు బల్లమీద పడున్న తీగను జానతో కొలిచి, ఆ జాన అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కాలం కూడా గుడ్డలా కొలిచి చూడగలిగే వస్తువని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ ఆశ్చర్యం ఇంకా తీరలేదు. అన్నయ్య బోర్డు ఏది చేతికొచ్చినా దాన్ని కొలిచి, కాగితం మీద "అన్ని మెట్లూ సమానం" అని రాసి, కింద సంతకం పెట్టేటప్పుడు ఆమె మనసు ఏదో గొప్పదాని ముందు నిలబడ్డట్టు నిశ్శబ్దమైపోయేది.

ఆ రోజు పొద్దున పదింటికి కొండావిడ వచ్చింది.

కొండావిడ అసలు పేరు పెద్దది, చదువు ఇంకా పెద్దది. కొండమీద ఆవిడకు ఒక పరిశోధనశాల ఉంది. అక్కడ నాలుగు మూలలా నాలుగు పలకలు పరిచి, ఆకాశంలోంచి రాలే నలుసుల్ని లెక్కపెడుతుంది. నక్షత్రాలు పగిలినప్పుడు ఎగిరిపడ్డ నలుసులవి. కంటికి కనబడవు, ఒంటికి తగలవు. నాలుగు పలకల్లో దేనికి ముందు తగిలింది, దేనికి వెనక తగిలింది అని చూస్తే అవి ఆకాశంలో ఏ వైపునుంచి వచ్చాయో తెలుస్తుంది. ముందువెనకల తేడా నానోసెకన్లలోనే ఉంటుంది కాబట్టి, పద్నాలుగు నెలల కిందట అన్నయ్య దగ్గర నాలుగు బోర్డులు తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆ నాలుగూ గుడ్డసంచీలో వేసుకుని, మోకాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

వచ్చి కుర్చీలో కూర్చుని ఆయాసం తీరాక కంప్యూటర్ తెరిచి ఒక బొమ్మ చూపించింది. గుండ్రటి ఆకాశం. లక్షల లక్షల చుక్కలు. ఒక్కో చుక్క, ఒక్కో నలుసు వచ్చిన వైపు. కానీ ఆ చుక్కలు పరచుకున్న తీరు చూస్తే ఎవరో తువ్వాలు ఆరేసినట్టుంది. ముదురు చార, లేత చార, మళ్ళీ ముదురు చార.

"ఆకాశానికి చారలుండవు బాబూ" అంది కొండావిడ.

అన్నయ్య ముఖం వాడిపోయింది. "మా బోర్డుల వల్లే అంటారా మేడమ్?"

"నాకు తెలీదు. మీ బోర్డులన్నా అయ్యుండాలి, నా పలకలన్నా అయ్యుండాలి. రెంటిలో ఏదైనా పద్నాలుగు నెలలు గంగలో కలిసినట్టే. ఇంక పెట్టుకుని కూర్చోవడానికి నాకు ఓపిక లేదు, పైవాళ్ళకి నమ్మకం లేదు. పలకలు విప్పడానికి మేస్త్రీని రమ్మన్నాను. నాలుగింటికి లారీతో వస్తాడు. ఆలోపు నేను ఫోన్ చేసి వద్దంటే ఆగుతాడు, లేకపోతే విప్పేస్తాడు."

వదిన టంకం కర్ర పక్కన పెట్టింది. అన్నయ్యకు ఈ బోర్డు మీద ఆరేళ్ళు పట్టింది. వాళ్ళ పెద్దపాప పుట్టింది ఈ బోర్డు మొదలుపెట్టిన ఏడే. "పాపకి నడకొచ్చింది, మాటొచ్చింది, పళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి. బోర్డుకి మాత్రం ఇంకా పాలపళ్ళే" అని మొన్నటిదాకా దెప్పిన మనిషి, ఇప్పుడు ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"ముల్లూ, ఆవిడ ముందే కొలువు" అన్నాడు అన్నయ్య.

ముల్లు నాలుగు బోర్డులూ బల్లమీద పరిచింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఉన్న పెట్టెలన్నీ ఒకే గడియారం మాట వింటాయి. అన్నయ్య దాన్ని దూదిలో చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి, ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంచుతాడు. కొలిచే పెట్టె దాని మాటే వింటుంది, కొలిపించుకునే బోర్డూ దాని మాటే వింటుంది. "ఇద్దరు పెద్దమనుషులుంటే తగువు. ఒక్కడుంటే తీర్పు" అంటాడు అన్నయ్య. ఆ గడియారం టిక్కుమనడానికి సరిగ్గా ఐదు గేట్లంత ముందు ముల్లు ఒక సంకేతం పంపింది. బోర్డు ఐదు అంది. పది గేట్లంత ముందు పంపితే పది అంది. పదిహేనుకు పదిహేను. చిప్పులో అన్నయ్య గేట్లను ఐదేసి చొప్పున వరసలు కట్టాడు కాబట్టి ముల్లు కొలతలు కూడా ఐదేసి చొప్పున నడిచేవి. ఇరవై అడుగుల్లో నూరు గేట్లూ అయిపోయాయి. నాలుగు బోర్డులూ తు.చ. తప్పలేదు.

కొండావిడ అన్నీ చూసి తల ఊపింది. "అయితే మీ తప్పేం లేదు. నా పలకలదే. పోనీలే, అదన్నా తేలింది."

అన్నయ్య గుండెలమీంచి బండ దిగినట్టు ఊపిరి వదిలాడు. కానీ ఆవిడ ముఖం చూడగానే ఆ వదిలిన ఊపిరికి సిగ్గుపడ్డట్టు కిటికీవైపు తిరిగాడు.

"భోజనం చేసి వెళ్దురుగాని పెద్దమ్మగారూ" అంది వదిన. "ఉత్త చేతులతో పంపిస్తే సరే, ఉత్త కడుపుతో కూడానా?" అని తను ముందు కిందికి వెళ్ళింది.

ముల్లు కొండావిడకు చేయి అందించి మెట్లు దిగుతోంది. మామూలుగా అయితే ముల్లు మెట్లు రెండేసి దాటుతుంది. చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు ఆవిడ మోకాలి కోసం ఒక్కొక్క మెట్టూ దిగింది. ఉన్నట్టుండి కాలు గాల్లో దిగినట్టయి తూలింది. కొండావిడే ఆమెను పట్టుకుంది.

"చూసుకోమ్మా. ఎక్కేటప్పుడే అనుకున్నాను, ఈ మెట్టు మరీ లోతు. దాని కిందది మరీ పొట్టి."

"ఏ మెట్టండీ?"

"ఇదే, ఏడోది. మీ ఇంటి మెట్టు నన్నడుగుతావేం?"

కిందనుంచి వదిన గొంతు లేచింది. "దాన్నా మీరడిగేది! పన్నెండేళ్ళనుంచి అది ఏడో మెట్టు తొక్కిందా పెట్టిందా? లేడిపిల్లలాగా రెండేసి దూకుతుంది. ఏడు, ఎనిమిది కలిస్తే దానికి లెక్క సరిపోతుంది. మధ్యలో మోకాళ్ళరిగేది నాకు. ఆడపడుచు అర్ధమొగుడన్నారు, ఆ సగం మొగుడికి పెళ్ళాం మోకాళ్ళ సంగతేం తెలుస్తుంది?"

కొండావిడ నవ్వింది. ముల్లు నవ్వలేదు. ఏడో మెట్టుమీద అలాగే నిలబడిపోయింది.

రెండేసి. ఏడు లోతు, ఎనిమిది పొట్టి, రెండూ కలిస్తే సరి.

ఐదేసి.

భోజనాల దగ్గర ముల్లు కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ ఉంది. అన్నయ్య తేలికపడ్డ మనసుతో కొండావిడకు ఏదో చెబుతున్నాడు. ఇప్పుడు నోరు విప్పకపోతే అన్నయ్య ఆరేళ్ళూ నిలబడతాయి. సంతకం నిలబడుతుంది. నాలుగింటికి కొండమీద పలకలు లేచిపోతాయి. ఏ తప్పూ చేయని పలకలు. ముల్లు ఒకసారి గుటక వేసింది. రెండోసారి వేసింది. మూడోసారి గుటకకు బదులు మాట వచ్చింది.

"అన్నయ్యా, నేను కొలిచింది అబద్ధం."

గరిటె పట్టుకున్న వదిన చెయ్యి ఆగిపోయింది.

"నేనెప్పుడూ ఐదేసి గేట్లకొకసారే అడుగేశాను. ఐదు, పది, పదిహేను. మధ్యలో ఉన్నవాటిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒకటి లావుగా, పక్కది సన్నగా ఉన్నా ఐదూ కలిస్తే సరిపోతాయి. నాకు తెలీదు. తెలీకుండానే సమానం అని సంతకం పెట్టాను."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "గేట్లన్నీ ఒకే కొలతతో గీశాను. లావూ సన్నం ఎందుకుంటాయే? తేలిపోయిన సంగతి మళ్ళీ ఎందుకు కెలకడం?"

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు లెండి" అంది వదిన. మాట పెళుసుగానే ఉంది గాని గొంతు మెత్తగా ఉంది. "ఏమండీ, అది పన్నెండేళ్ళలో ఇంత పొడుగు మాట ఎప్పుడన్నా మాట్లాడిందా? మాట్లాడిందంటే విషయం ఉంటుంది. వినండి."

అన్నయ్య వినలేదు, తిననూ లేదు. కంచంలో వేలితో ఐదేసి గీతలు గీస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "వరస మారే చోట" అన్నాడు తనలో తను. "ఐదో గేటు అయిపోయి పై వరసకి వెళ్ళాలి. ఆ దారి... ఆ దారి కాస్త దూరమే." తల ఎత్తాడు. "కానీ ఎలా కొలవడం? మన పెట్టె వేసే అతి చిన్న అడుగే ఐదు గేట్లు. అంతకన్నా చిన్న అడుగువేసే పెట్టె తయారుచేయాలంటే నెల పడుతుంది."

గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

కొండావిడ చెయ్యి కడుక్కుని వచ్చి మెల్లగా కూర్చుంది. "నీ దగ్గర నూరు గిన్నెలున్నాయి బాబూ. ఏది వెడల్పో ఏది ఇరుకో తెలీదు. కొలవడానికి బద్ద లేదు. ఏం చేస్తావు?"

ముల్లే అంది, తనకు కూడా వినపడనంత సన్నగా. "వానలో పెడతాను."

"ఆ! వెడల్పు గిన్నెలో ఎక్కువ చినుకులు, ఇరుకు గిన్నెలో తక్కువ చినుకులు. చినుకులు లెక్కపెడితే గిన్నె మూతి ఎంతో తెలిసిపోతుంది. కాకపోతే ఒక్క షరతు. ఆ వానకి మీ గడియారం సంగతి తెలియకూడదు. తెలిసిందా, ప్రతి చినుకూ వెళ్ళి అదే గిన్నెలో పడుతుంది."

"అక్కడే చిక్కు" అన్నాడు అన్నయ్య. "ఈ ఇంట్లో మా గడియారం మాట విననిదంటూ ఏదీ లేదు."

"నేనున్నానుగా" అంది వదిన.

ఆ మాటకు ముందు కొండావిడ నవ్వింది, తర్వాత అన్నయ్య కూడా నవ్వాడు.

"ఇంకొకటుంది" అంది కొండావిడ నవ్వు ఆపుకుంటూ. "కారులో ఉంది. పలకల్లో తప్పుంటే చూసుకుందామని ఒకటి విప్పి తెచ్చాను. దాని మీద పడేది ఎవరి గడియారం మాటా వినదు."

పలక టీపాయి పైబల్లంత ఉంది. వెలుతురు సోకకుండా నల్లగుడ్డలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఉంది. ఏ నలుసు దాన్ని దాటినా లోపల ఒక చిన్న మెరుపు, ఆ మెరుపుకు తీగలో ఒక సంకేతం. అన్నయ్యా ముల్లూ చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కించారు. వెనకనుంచి వదిన, "ఏడో మెట్టు! ఏడో మెట్టు!" అని అరుస్తూనే ఉంది.

పైకి చేరాక ఇంకో ఇబ్బంది. బోర్డులు నాలుగు, పలక ఒకటి. ఒకదాని తర్వాత ఒకటి పెడితే సాయంత్రం కాదు, రాత్రయినా తేలదు.

"ఒక్క తీగ నాలుగు పాయలు చెయ్యాలి, అంతేగా?" అంది వదిన. అప్పటికే కళ్ళజోడు ముక్కుమీదికి దించింది. "పొడుగులు తేడా రాకూడదు, అవునా? గోరంత తేడా వచ్చినా మీరిద్దరూ కొండంత గోల చేస్తారు, నాకు తెలుసు." నాలుగు తీగల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒకే కోతకు కోసింది. టంకం పొగ సన్నగా లేచింది. పది నిమిషాల్లో నాలుగు కొసలూ నాలుగు బోర్డులకు చేరాయి. ఇరవయ్యేళ్ళుగా టంకం పెట్టే ఆ చేతులకు ముల్లు మనసులో దండం పెట్టుకుంది.

పన్నెండూ నలభైకి పలకకు కరెంటు ఇచ్చారు.

స్క్రీన్ మీద నూరు గడులు వరసగా ఖాళీగా ఉన్నాయి. మొదటి నలుసు ముప్ఫైనాలుగో గడిలో పడింది. రెండోది పన్నెండులో. తర్వాత తొంభైఒకటి, అరవై, ఏడు. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. సెకనుకు ఎనభైదాకా పడుతున్నాయి. ప్రతిదానికీ చిన్న టకటక వినబడేలా అన్నయ్య ఒక స్పీకరు తగిలించాడు. పెంకుల మీద పెద్ద చినుకులు పడ్డట్టుంది ఆ చప్పుడు. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

"ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయండీ?" అని అడిగింది ముల్లు. రోజూ నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషికి ఆ రోజు మాటలు తన్నుకుని వస్తున్నాయి.

"కొన్ని ఎక్కడినుంచో నాక్కూడా తెలీదమ్మా. ఏ చుక్క పగిలిందో, ఎప్పుడు పగిలిందో. మనుషులు పుట్టకముందు బయల్దేరినవి కూడా ఉంటాయి. అంత దూరమొచ్చి మన గాలిలో ఢీకొని ముక్కలవుతాయి. ఆ ముక్కలే ఇవి." కొండావిడ ముల్లు చేతిని తీసుకుని అరచెయ్యి పైకి తిప్పింది. "చూడు. ఇప్పుడే ఒకటి దీంట్లోంచి దిగిపోయింది. ఇదిగో ఇంకోటి. సెకనుకి ఒకటన్నా దిగుతుంది. నువ్వు పుట్టినప్పటినుంచీ దిగుతూనే ఉన్నాయి."

ముల్లు అరచేతిని అలాగే పట్టుకుని చూసుకుంది. ఏమీ లేదు. గీతలు, టంకం కాల్చిన ఒక పాత మచ్చ. పైకప్పు దాటి, వదిన కొప్పు దాటి, ఈ పలక దాటి, కింద భోజనాల బల్లా దాటి, భూమిలోకి. ఇంత వాన పడుతుంటే ఎవరూ తడవలేదు. ఎవరూ గొడుగు పట్టలేదు.

"అంటే వంటచేస్తున్నప్పుడు కూడానా?" అని అడిగింది వదిన.

"వంటచేస్తున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ, ఆయన్ని తిడుతున్నప్పుడూ."

"అయితే ఆయనకి ఎక్కువ తగిలుంటాయి లెండి."

ఒంటిగంటకు గడులన్నీ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎక్కువ తక్కువలు ఊరికే అలా పడ్డవా, నిజంగా గేటులోనే తేడా ఉందా అని చెప్పలేని పరిస్థితి. "ఇంకా పడనివ్వాలి. పదిమంది మాట వింటే పుకారు, పదివేలమంది మాట వింటే నిజం" అంది కొండావిడ. రెండింటికి ఒక రూపం రాసాగింది. రెండున్నరకు ఇంక అనుమానం లేదు. దువ్వెన. ప్రతి ఐదు గడుల్లో మొదటిది నిటారుగా లేచింది. దాని వెనక రెండు కుంగిపోయాయి. మిగతా రెండూ ఓ మాదిరిగా ఉన్నాయి. మొదటిదానిలో పడ్డ చినుకులు రెండోదానికి రెండింతలకు పైనే. నూరు గేట్ల పొడుగునా ఇరవై పళ్ళ దువ్వెన. నాలుగు బోర్డుల్లోనూ అదే.

అన్నయ్య ఆ దువ్వెన ముందు చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఆరేళ్ళుగా తన చిప్పు లోపల ఏముందో అతను కళ్ళారా చూడలేదు. ఎవరూ చూడలేరు కూడా. ఆ గేట్లు వెంట్రుక మందం కన్నా వందల రెట్లు చిన్నవి. ఎక్కడో పగిలిన చుక్కల ముక్కలు వచ్చి అతను గీసిన గీతలో వంకర ఎక్కడుందో గోరు పెట్టి చూపిస్తున్నాయి.

"సమానం కాదు" అన్నాడు. "ఒక్క వరసా సమానం కాదు. మేడమ్, తప్పు మాదే. మీ పలకలు విప్పించకండి. బోర్డులు వెనక్కి తీసుకుంటాను."

"ఎందుకు?" అంది కొండావిడ.

"సమానంగా లేవు కదండీ."

"లేకపోతేనేం? ఏది ఎంతో ఇప్పుడు తెలిసిందిగా! గిన్నెలన్నీ ఒకే కొలతలో ఉండాలని ఎవరన్నారు? ఏ గిన్నెలో ఎన్ని పడతాయో తెలిస్తే వంటకి చాలు." ఆవిడ కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది. "పద్నాలుగు నెలలుగా ప్రతి నలుసూ ఏ గేటు దగ్గర ఆగిందో నా దగ్గర రాసి ఉంది. ఇన్నాళ్ళూ గేట్లన్నీ సమానం అనుకుని లెక్కేశాను, అందుకే వెడల్పు గేటుకి ముదురు చార, ఇరుకు గేటుకి లేత చార పడ్డాయి. ఇప్పుడు ఈ నూరు వెడల్పులూ పెట్టి మళ్ళీ లెక్కేస్తాను. ఒక్కటి చెప్పు బాబూ. ఈ వెడల్పులు అప్పటికీ ఇప్పటికీ మారి ఉండవుగదా?"

"వేడి మారితే మారతాయి. అందుకే మీ కొండమీద కూడా బోర్డుల్ని వెచ్చని పెట్టెలో పెట్టించాను. ఇక్కడా అదే వెచ్చదనం." అన్నయ్య గొంతులోకి కొంచెం ప్రాణం వచ్చింది. "మారవు."

మూడూ పదికి ఆవిడ లెక్క మొదలుపెట్టింది. పద్నాలుగు నెలల ఆకాశం. కంప్యూటర్ గాలిపంకా మోతెత్తింది. ఎవరూ కూర్చోలేదు. వదిన టీ పెట్టి తెచ్చి ఎవరికీ ఇవ్వడం మరిచిపోయి తను కూడా తాగకుండా నిలబడింది. ముల్లుకు తన సంతకం కళ్ళముందు కదులుతోంది. చారలు పోకపోతే? గేట్ల తేడాతోపాటు ఇంకా ఏదైనా తను చూడనిది ఉంటే? మూడూ ముప్ఫై అయింది. మూడూ ముప్ఫైఐదు. కొండావిడ ఫోన్ బల్లమీద బోర్లా పడుంది.

మూడూ నలభైకి బొమ్మ గీయడం మొదలైంది.

మొదటి నెల చుక్కలు పరచుకున్నాయి. మసకమసకగా. రెండో నెల. మూడో నెల. ముల్లు చారల కోసం వెతికింది. ఆరో నెలకు ఆకాశం నిండింది. ఎక్కడా చార లేదు. తువ్వాలు లేదు. నీళ్ళు ఇంకిన ఇసుకలాగా, ఒక కొసనుంచి ఇంకో కొస దాకా ఒకే నేత. పద్నాలుగో నెల అయ్యాక కూడా అంతే.

అన్నయ్య కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"ఆగండాగండి" అంది కొండావిడ. "ఇంకోటి చూడాలి. ఇన్నేళ్ళలో చూడలేకపోయాను." ఏవో అంకెలు కొట్టింది. "ఈ పద్నాలుగు నెలల్లో చంద్రుడు ఎప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. ప్రతి ఘడియా చంద్రుణ్ణి బొమ్మ మధ్యలో పెట్టి, ఆ చుట్టుపక్కల పడ్డవాటిని మాత్రమే పేరుస్తాను."

కొత్త బొమ్మ వచ్చింది. చుట్టూ అదే ఒకే నేత. నట్టనడుమ చిన్న లొట్ట. గుండ్రంగా, మసకగా, తడివేలితో ఒత్తినట్టు. అక్కడ చుక్కలు తక్కువ.

"ఏమిటండీ అది?" అంది వదిన గుసగుసగా.

కొండావిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "నీడ. చంద్రుడి నీడ. అటువైపునుంచి వచ్చేవాటికి చంద్రుడు అడ్డం నిలబడ్డాడు. అందుకని అక్కడ వాన తక్కువ పడింది." స్క్రీన్‌ను వేలితో తాకబోయి ఆగింది. "వెన్నెలతో పనిలేదు. పగలైనా, మబ్బుపట్టినా, అమావాస్యనాడైనా ఆ నీడ పడుతూనే ఉంటుంది. మనకి చూసే కన్ను లేకపోయింది, అంతే."

ముల్లు ఆ లొట్టవైపు చూస్తూ ఉండిపోయింది. అంత దూరంలో ఉన్న చంద్రుడు, గోరంత గోరంత ఆలస్యాలతో, వదిన టంకం పెట్టిన తీగల గుండా నడిచి వచ్చి, కార్ఖానాలో బల్లమీద గుండ్రంగా కూర్చున్నాడు. ఒక్క గేటు కొలత తప్పయితే ఆ గుండ్రనం చారల కింద పడి కనబడకుండా పోయేది. పోయింది కూడా, ఇన్నాళ్ళూ. ఆమెకు ఏడుపు ఎందుకొస్తోందో ఆమెకే తెలియలేదు.

కొండావిడ ఫోన్ తీసింది. నాలుగుకు ఇంకా ఏడు నిమిషాలు.

"మేస్త్రీ! బయల్దేరావా? వచ్చేశావా? సరే, వచ్చినవాడివి లారీ తిప్పుకుని వెళ్ళిపో. ఒక్క మేకు కూడా పీకొద్దు. పీకేశావా? ఎన్ని? రెండేనా? ఆ రెండూ మళ్ళీ కొట్టేసి వెళ్ళు నాయనా, నీ రుణం ఉంచుకోను." ఫోన్ పెట్టేసి ముల్లువైపు తిరిగింది. "రేపు పొద్దున నాలుగు బోర్డులూ తీసుకెళ్తాను. ఈ నూరు వెడల్పులూ నీ చేత్తో రాసి, కింద సంతకం పెట్టివ్వు."

"నా సంతకమా అండీ?" అంది ముల్లు. "తప్పు రాసింది నేనే కదా."

"అన్నం తింటూ తింటూ ఆ మాట చెప్పింది ఎవరు మరి? నాకు ఆ మనిషి సంతకమే కావాలి."

అన్నయ్య లేచి వచ్చి చెల్లెలి నెత్తిమీద చెయ్యి పెట్టాడు. అంతకు ముందెప్పుడూ అతనలా చెయ్యి పెట్టలేదు. ముల్లు తల ఇంకా కిందికి వంచుకుంది.

వదినకు అప్పుడు టీ గుర్తొచ్చింది. చల్లారిపోయిన గ్లాసుల వైపు చూసి, మళ్ళీ స్క్రీన్ వైపు చూసింది. "పెద్దమ్మగారూ, పగలైనా నీడ పడుతుందన్నారు కదా. మరి ఇప్పుడు ఎక్కడున్నాడు చంద్రుడు?"

కొండావిడ టైము చూసుకుంది. కళ్ళు మూసుకుని లెక్కవేసింది. తర్వాత లేచి, కిటికీవైపు తిరగాల్సింది పోయి, గది మూలకు తిరిగి, చెయ్యెత్తి చూపించింది. "అదిగో. ఆ బీరువా వెనకాల. పై అరకి కొంచెం పైన."

నలుగురూ బీరువావైపు తిరిగారు. పాత ఇనప బీరువా. పైన దుమ్ముపట్టిన తీగల చుట్టలు, మూత పోయిన డబ్బా. దాని వెనక గోడ. గోడ వెనక మండే ఎండ. ఆ ఎండ వెనక, ఎవరికీ కనబడకుండా, చంద్రుడు.

స్పీకరులో టకటక పడుతూనే ఉంది. పలకకు కరెంటు తీసేయమని ఎవరూ అనలేదు.